చేతులు వెనక్కి

నాచారం,
2025 జూన్ 15, ఆదివారం

బావా,

ముందుగా క్షేమసమాచారం రాయమని మా తెలుగు సారు నేర్పాడు. మేం క్షేమమో కాదో చివరిదాకా చదివి నువ్వే చెప్పు. ఫోనులో దొరికే ఆ కాసేపూ మనిద్దరం లొల్లి పెట్టుకోవడానికే సరిపోతోంది, ఇకనుంచి ఉత్తరాలు రాసుకుందాం అన్నది నువ్వే. రాస్తున్నా. పెన్ను పట్టుకుంటే నాకు ఇంటర్ పరీక్ష భాషే వస్తుంది, నవ్వకు. నీకంటే ముందు దీన్ని చదివే జైలు సారుకు కూడా నమస్తే. సార్, ఇందులో ఇంటి గొడవలు తప్ప ఇంకేమీ ఉండవు, తొందరగా మా బావకు ఇచ్చేయండి. నాచారం నుంచి చర్లపల్లికి ఆటో ఎక్కితే ఇట్టే దిగుతాం, ఉత్తరానికి మాత్రం వారాలు పడుతున్నాయి.

నాకు పని దొరికింది బావా. పోచారం క్యాంపస్‌లో ఆఫీసు వాళ్ల పిల్లలను పొద్దంతా చూసుకునే క్రెష్ ఉంది. అందులో ఆయాను. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు మారాలి. ఆ మలుపు రాగానే కళ్లు మూసుకుంటాను. నీకు కునుకు పట్టిన చోటు, నీ డీసీఎం లారీ కింద ఆ స్కూటర్ పెద్దాయన పడిపోయిన చోటు. రోజూ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చూడడం నా వల్ల కాదు.

క్రెష్‌లో చంద్రిక మేడం అని పెద్ద టీచర్ ఉంది, రాజమండ్రి వైపు ఆమె. మొదటిరోజే ఒక పాప చెప్పులు తొడుక్కోలేక తంటాలు పడుతుంటే నేను గబుక్కున వంగాను. "దీపగారూ, చేతులు వెనక్కి పెట్టుకోండి" అంది ఆమె. అక్కడ ఆయాలందరికీ అదే నియమం. పిల్ల నోరు తెరిచి అడిగేదాకా మన చేతులు మన వెనకే ఉండాలి. పని చేయకపోవడానికి కూడా జీతం ఇస్తారా అని నాకు నవ్వొచ్చింది. కానీ ఆ పాప చాలాసేపు కుస్తీ పట్టి, కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేసుకుని, లేచి నిలబడి తనకు తనే చప్పట్లు కొట్టుకుంది. ఇంకా సరిగ్గా మాటలు కూడా రాని పిల్ల!

మన కొడుకు గౌతమ్‌కు ఐదు దాటాయి. అత్త బువ్వ కలిపి టీవీ ముందు నోట్లో పెడితే తప్ప మింగడు. అంగీ తొడగాలంటే రెండు చేతులూ పైకెత్తి ఊరేగింపు విగ్రహంలా నిలబడతాడు. ఇప్పుడేమో నేను తెల్లారగానే ఇల్లు దాటాలి, వాడి స్కూలు ఆటో ఎనిమిదింటికి. మధ్యలో ఉండేది అత్త ఒక్కతే. ఆమెకు కళ్లలో శుక్లాలు, మోకాళ్లు మాట వినవు. వాడి పనులు వాడు నేర్చుకోకపోతే ఈ ఇల్లు ఎలా నడుస్తుంది? అందుకే మొదలుపెట్టాను. తన చేత్తో తింటున్నాడు, సగం బువ్వ నేలకు పెడుతున్నాడనుకో. స్టూలు ఎక్కి కంచం కడుగుతాడు. అంగీ వేసుకుంటాడు కానీ గుండీలు తప్పుతాయి, ఒక పక్క కిందికి వేలాడుతూ ఉంటుంది. వచ్చే ఏడాది నుంచి స్కూల్లో లేసుల బూట్లే వేయాలట. అది తర్వాత చూద్దాం. ఇప్పటికి పట్టీ అతికించే బూట్లే.

అత్తకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. నిన్న గుమ్మంలో నిలబడి, "ఆఫీసోళ్ల పోరగాండ్లకు నువ్వు ముడ్డి కడుగుతవు, నీ కొడుకు మాత్రం తనది తనే కడుక్కోవాల్నా? గిదేం నీతి పొల్లా?" అని అరిచింది. వాడకట్టంతా విన్నది.

ఇవాళ వాడు ఒక్కడే స్నానం చేసి, చెవుల వెనక సబ్బు నురగతో వచ్చి నా ముందు నిలబడ్డాడు. నీ కొడుక్కు ఇక నీ అవసరం లేదు పో బావా! నువ్వు వచ్చేసరికి నీ వీపు కూడా వాడే రుద్దుతాడు.

నీ మరదలు,
దీప

*

చర్లపల్లి,
2025 జులై 2

దీపా,

ఉత్తరం అందింది. ఆఖరి మాటలు చదివాక మిగతాదంతా మరిచిపోయాను. నా కొడుక్కు నా అవసరం లేదని రాశావు. ఇక్కడ కూర్చుని రోజంతా నేను భయపడేది దానికే. నువ్వేమో ఉత్తరంలో పెట్టి పంపించావు.

అమ్మ మొన్న ములాఖత్‌కు వచ్చింది. ఇనుప జాలీకి అవతల నిలబడి ఒకటే ఏడుపు. "పోరడు తన కంచం తనే తోముకుంటుండు కొడకా. చెడ్డీ తనే పిండుకుంటుండు. వాడు ఏడ్సినా నీ పెండ్లాం సూస్త నిలబడ్తది, చేతులు ఎనుకకు కట్టుకోని, పోలీసోని లెక్క" అంది. ఇక్కడ నిలబడి ఆ మాట వినడం ఎలా ఉంటుందో నీకు తెలియదు.

నా సంగతి నీకు తెలుసు. ఇంట్లో నేను స్నానానికి నీళ్లు తోడుకున్న రోజు లేదు. తువ్వాల కూడా అమ్మ తలుపు సందులోంచి అందించేది, తర్వాత నువ్వు. ఇక్కడికి వచ్చిన మొదటివారం అంగీ ఉతికి ఆరేస్తే నీళ్లు ధారగా కారుతున్నాయి. పిండడం రాదు నాకు. బసవరాజు అని జహీరాబాద్ వైపు పెద్దాయన మా బ్యారక్‌లోనే ఉంటాడు. "ఏందిరా, గింత మనిషివి, బట్ట పిండరాదా? మీ అమ్మ నిన్ను ఉయ్యాలల్నే పెంచిందా?" అని అందరి ముందు నవ్వాడు. భూమిలోకి పోవాలనిపించింది. ఇప్పుడు కంచం పట్టుకుని వరుసలో నిలబడతాను, తింటాను, మళ్లీ అదే కంచం కడుక్కుంటాను. శిక్ష అంటే ఇదే దీపా. నా శిక్ష వాడికి ఎందుకు వేస్తున్నావు? వాడేం తప్పు చేశాడు?

నన్ను తోట పనిలో వేశారు. వంగనారు నాటుతున్నాం. వానలు సరిగ్గా పడడం లేదు, అక్కడ ఎలా ఉంది?

ఆ నేర్పడాలు, చేతులు కట్టుకోవడాలు ఆపెయ్. అమ్మను పెట్టనివ్వు, అమ్మను చేయనివ్వు. అన్నకు ఫోను చేసి చెప్పాను. బాలరాజన్న జనగామ నుంచి వచ్చి ఒకసారి చూసి పోతాడు. నీకు ఉద్యోగంతో చేతకాకపోతే గౌతమ్‌ను తీసుకుపోతాడు, వదిన ఇంట్లోనే ఉంటుంది కదా. ఏది ఏమైనా వాడిని ఇక్కడికి మాత్రం తీసుకురాకు. కంపెనీ పని మీద పోయాడనే చెప్పు. నన్ను ఈ బట్టల్లో వాడు చూడకూడదు.

మహిపాల్

*

నాచారం,
2025 జులై 20, ఆదివారం

శ్రీ మహిపాల్ గారికి వారి భార్య దీప వినయంగా రాసుకునేది,

తమరి ఆజ్ఞ అందింది. అందిన రోజే ఆపేశాను. అత్త మళ్లీ ముద్దలు చేసి నోట్లో పెట్టింది, వాడు మళ్లీ చేతులు పైకెత్తి నిలబడ్డాడు, ఇల్లు పాత ఇల్లయింది. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా వినండి.

జనగామ నుంచి పెద్దబావ వచ్చాడు. వాడికి జీన్స్ ప్యాంటు, బెల్టు తెచ్చాడు. ఇంత పెద్ద బకిల్, మీద సింహం బొమ్మ. "మగపిల్లగాడు మగపిల్లగాని లెక్క ఉండాలె, గా లాస్టిక్ చెడ్డీలేంది?" అన్నాడు. గౌతమ్ ఆ రోజంతా అద్దం ముందు నుంచి కదల్లేదు. సోమవారం స్కూలుకు అదే వేసుకుపోతానని మొండికేశాడు. నేను పోచారం బస్సులో ఉన్నాను. అత్త తొడిగి, జారిపోకుండా బెల్టు గట్టిగా బిగించి పంపింది. స్కూల్లో వాడికి ఒంటేలు వచ్చింది. బకిల్ ఊడలేదు. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. అందరి ముందే ప్యాంటులో పోసుకున్నాడు. పిల్లలు నవ్వారు. ఆటో ఆయన వాడిని ఒక్కడినే ముందు సీట్లో పేపరు పరిచి కూర్చోబెట్టి తెచ్చాడట.

అప్పటినుంచి స్కూలుకు పోవడం లేదు. పొద్దున లేవగానే మంచం కిందికి దూరుతాడు. చంద్రిక మేడాన్ని బతిమాలి ఒకరోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. "నాకు పానం బాగలేదు" అని మంచం కిందినుంచే చెప్పాడు. ఎక్కడ బాగలేదని అడిగితే, "అంతటా" అన్నాడు.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. అత్త మీద రాదు, ఆమె ఆ ప్యాంటు ఉతుకుతూ నాకంటే ఎక్కువ ఏడ్చింది. పెద్దబావ మీద రాదు, ప్రేమతోనే కొన్నాడు. నీ మీదే వస్తోంది. నువ్వు దూరంగా ఉన్నావు కాబట్టి సులువు.

కంచం కడుక్కోవడం శిక్ష అన్నావు. మరి నేను పుట్టినప్పటి నుంచి జైల్లోనే ఉన్నానా బావా? అత్త ఇన్నేళ్లుగా జైల్లోనే ఉందా? జడ్జి నీకు కంచం కడగమని శిక్ష వేయలేదు. అది అందరూ చేసుకునే పనే, నీ దగ్గరికే ఆలస్యంగా వచ్చింది. ఇక 'నీ అవసరం లేదు పో' అన్నది ఎగతాళి. మరదలు ఎగతాళి చేస్తే అలిగి కూర్చునే బావను నేనెక్కడా చూడలేదు.

ఇవాళ బోనాలు. వీధి చివర డప్పులు మోగుతున్నాయి. పోయినేడు నీ భుజాల మీద ఎక్కి చూసినవాడు ఇవాళ కిటికీ దగ్గరికి కూడా రాలేదు.

దీప

*

చర్లపల్లి,
2025 జులై 24

దీపా,

నీ నుంచి జవాబు లేదు. కోపంగా ఉన్నావని అర్థమైంది. కోపం ఉంటే రాసి తిట్టొచ్చు కదా, ఈ ఎదురుచూడడం నావల్ల కావడం లేదు. రోజూ సాయంత్రం పేర్లు పిలుస్తారు. నా పేరు రాకపోతే బ్యారక్‌లో ఆ మూల నుంచి ఈ మూలకు నడుస్తూనే ఉంటాను. "కూసో రాదురా, నిన్ను సూస్తే నాకు కండ్లు తిరుగుతున్నయి" అంటాడు బసవరాజు.

అన్న ములాఖత్‌కు వచ్చి వెళ్లాడు. కొత్త బెల్టు పెట్టుకుని పోరడు హీరో లెక్క నడిచాడని చెప్పాడు. విని చాలా సంతోషమైంది. చూశావా, వాడికి కావలసింది అది. కంచాలు కాదు.

ఒక మాట అనుకున్నాం. వినాయక చవితి కాగానే అన్న వచ్చి గౌతమ్‌ను, అమ్మను జనగామ తీసుకుపోతాడు. అక్కడే బడిలో వేస్తాడు. నీకు కూడా పొద్దున్నే పరుగులు తప్పుతాయి. నేను వచ్చాక మళ్లీ అందరం ఒకచోట ఉందాం. అడ్డం పడకు.

నేను వచ్చేసరికి వాడు అన్నీ తనే చేసుకునే పెద్దమనిషి అయిపోయి, నన్ను చూసి ఈయన ఎవరని అడిగితే ఏం చేయాలి? నువ్వు కోప్పడినా సరే, నాకు మాత్రం అదే ఫికర్.

మహిపాల్

*

నాచారం,
2025 ఆగస్టు 10, ఆదివారం

బావా,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. ఈపాటికి బెల్టు సంగతి చదివే ఉంటావు. చదివి కూడా ఫోను చేయలేదు. అంటే నీ మాట మీదే ఉన్నావన్నమాట. సరే, నేనూ నా మాట మీదే ఉన్నాను.

వాడికి నిజం చెప్పేశాను. నువ్వు వద్దన్నావు, అయినా చెప్పాను. పెద్దబావ ఫోనులో జనగామ సంగతి మాట్లాడుతుంటే వాడు మంచం కిందినుంచి అంతా విన్నాడు. "బాపు కంపెనీ నుంచి ఎప్పుడస్తడు? నేను జనగామల ఉంటే బాపుకు ఎట్ల తెలుస్తది?" అని ఏడుపు మొదలుపెట్టాడు. ఇంకా ఎంతకాలం అబద్ధాలు చెప్పను? నేను కూడా మంచం కిందికి దూరి వాడి పక్కన పడుకుని చెప్పాను. "బాపు బండి నడుపుకుంట నిద్రపోయిండు. బండి తాకి ఒక తాత సచ్చిపోయిండు. అందుకే బాపును జైల్ల పెట్టిన్రు. ఇంకో ఏడాదికి అస్తడు" అన్నాను.

వాడు నా వైపు జరిగాడు. తర్వాత, "ఆడ బాపుకు బువ్వ ఎవలు తినిపిస్తరు?" అని అడిగాడు.

"ఎవలు తినిపియ్యరు బిడ్డ. తనే తింటడు."

"కంచం ఎవలు కడుగుతరు?"

"తనే."

"బట్టలు?"

"తనే ఉతుక్కుంటడు. మొదలు పిండరాలేదట. ఇప్పుడు నేర్సుకున్నడు."

అది విని వాడికి నవ్వొచ్చింది బావా. బెల్టు సంగతి జరిగాక మొదటిసారి నవ్వాడు. "బాపుకు పిండరాలేదా!" అని మళ్లీ మళ్లీ అడిగాడు. ఆ రాత్రి అత్త ముద్ద చేసి నోటి దగ్గర పెడితే తల అడ్డంగా తిప్పి, కంచం తన ముందుకు లాక్కున్నాడు. తిన్నాక స్టూలు ఈడ్చుకుంటూ పోయి కడుక్కున్నాడు. నేనేమీ చెప్పలేదు. అత్త నా వైపు చూసింది, నేను అత్త వైపు చూశాను. ఇద్దరం చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాం. మర్నాడు లాస్టిక్ చెడ్డీ వేసుకుని స్కూలుకు పోయాడు. బెల్టును తనే మడిచి అల్మారాలో పెట్టాడు, బాపు వచ్చాక తీయడం నేర్చుకుంటాడట.

నువ్వు దేనికి సిగ్గుపడుతున్నావో, అదే వాడిని మంచం కిందినుంచి బయటికి తెచ్చింది. నీకు ఇంకా ఏం రాయాలో నాకు తెలియదు.

ఆగస్టు 23న శనివారం వాడిని తీసుకుని ములాఖత్‌కు వస్తున్నాను. నువ్వు బయటికి రాకపోతే సాయంత్రందాకా గేటు దగ్గరే కూర్చుంటాం. ఒక్కసారి వాడిని చూడు. చూశాక కూడా జనగామే అంటే వాడి సంచి నేనే సర్ది ఇస్తాను. కాదు, అబద్ధం. ఇవ్వను. కానీ ముందు చూడు.

దీప

*

చర్లపల్లి,
2025 ఆగస్టు 24

దీపా,

నిన్న మీరు వెళ్లాక తోటకు పోలేదు, అన్నం తినలేదు. ఇవాళ పెన్ను దొరికింది.

ముందు ఫోను సంగతి. బెల్టు గురించి చదివిన రోజు ఫోను వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక పక్కకు జరిగి వెనక ఉన్నాయనకు ఇచ్చేశాను. నా మాట మీద పంతంగా ఉండి కాదు. మొహం చెల్లక.

ములాఖత్‌లో నువ్వు నా మొహమే చూస్తూ ఉన్నావు, నేను ఏం చూశానో నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను. వాడు వచ్చి జాలీ ముందు నిలబడ్డాడు. తెల్ల చొక్కా. గుండీలు ఒకటి తప్పి, కాలర్ ఒకవైపు చెవిదాకా లేచి ఉంది. నన్ను చూసి వాడు ఏడుస్తాడేమో, నేను ఏడుస్తానేమో అని భయపడుతూ వచ్చాను కదా, అవన్నీ మరిచిపోయాను. ఆ గుండీ ఒక్కటే కనబడింది. నా చేయి దానంతట అదే లేచింది. లేచి జాలీకి తగిలి ఆగింది. వేలి కొన తప్ప ఇంకేమీ అటువైపు రాలేదు.

మీ వెంట వచ్చిన అమ్మ కూడా చేయి చాచింది, నువ్వు ఆపలేదు. అమ్మే ఆగి నా వైపు చూసింది. నువ్వు చేతులు వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతి వేళ్లు గట్టిగా పట్టుకుని ఉన్నావు. నువ్వు వాడి వైపు తిరిగినప్పుడు పక్క నుంచి నాకు కనబడింది. వేళ్లు తెల్లబడిపోయాయి. అమ్మ పోలీసోని లెక్క అంది. అది పోలీసు నిలబడడం కాదు దీపా. వాడిని ముట్టుకోకుండా ఉండడం నాకెంత కష్టమైందో నీకూ అంతే కష్టమవుతోంది, అదీ రోజూ. నాకు జాలీ ఉంది, నీకు అది కూడా లేదు.

"గుండీ తప్పింది బిడ్డా" అన్నాను. వాడు తల వంచి చూసుకున్నాడు. "అన్ని ఇప్పు. కింది నుంచి పెట్టుకుంట రా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. వాడు ఇప్పాడు, పెట్టాడు, మధ్యలో మళ్లీ తప్పాడు. "గది గాదు, దాని కిందిది" అన్నాను. నాలుక బయటపెట్టి ఎంత కష్టపడ్డాడో! మన ములాఖత్ అంతా దానికే అయిపోయింది. ఎలా ఉన్నావని నేను నిన్ను అడగలేదు, నువ్వు నన్ను అడగలేదు. డ్యూటీలో ఉన్న జవాను టైం అయిందని వచ్చాడు. "సార్, ఒక్క గుండీ ఉన్నది" అన్నాను. ఆయన వాడి వైపు చూసి అక్కడే నిలబడ్డాడు. ఆయన చేతులు కూడా వెనక్కే ఉన్నాయి.

పై గుండీ పెట్టగానే వాడు తల ఎత్తి, "బాపూ, సూడు!" అన్నాడు. నిన్ను పిలవలేదు, అమ్మను పిలవలేదు. నన్ను పిలిచాడు.

అదొక్కటి చాలు నాకు. వాడు నన్ను ఎవరని అడుగుతాడని ఇన్నాళ్లు చచ్చాను.

అన్నకు ఫోను చేసి చెప్పాను, జనగామ వద్దని. "మరి నాకెందుకు జెప్పినవురా మొదలు?" అని తిట్టాడు, పడ్డాను. వచ్చేటప్పుడు బొమ్మల బెల్టులు తేవద్దని కూడా చెప్పాను. దానికి ఇంకో రెండు తిట్లు పడ్డాయి. అమ్మకు చెప్పు, ఆమె పెట్టిన ముద్దల మీద నాకేమీ కోపం లేదని. బట్ట పిండడం మాత్రం నేర్పి ఉండాల్సిందని బసవరాజు అంటున్నాడు.

ఇక నువ్వు చేయాల్సిన పని ఒకటి ఉంది, కాదనకు. గుండీలు నేర్పావు, కంచం నేర్పావు, స్నానం నేర్పావు. బూట్ల లేసులు మాత్రం నువ్వు నేర్పకు. చంద్రిక మేడం చెప్పినా, స్కూల్లో అడిగినా వద్దు. లేసుల బూట్లు ఒక జత కొని, వచ్చే ములాఖత్‌కు ముడి వేయకుండా వాడి కాళ్లకు తొడిగి తీసుకురా. ఈ పక్క నుంచి నేను నేర్పుతాను.

ఇక్కడ మాకు తాడు ముక్క కూడా ఉంచుకోనివ్వరు, చేసి చూపించడానికి లేదు. మాటలతోనే నేర్పాలి. ఏ పోగు పైకి రావాలి, ఏది కిందికి దూరాలి, ఐదేళ్లవాడికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి అని పొద్దుటి నుంచి మొక్కలకు నీళ్లు పడుతూ వెతుక్కుంటున్నాను. ఇంకా కుదరలేదు. వాడు వచ్చేలోపు కుదురుతుంది.

నీ బావ,
మహిపాల్